ఎండబెట్టిన సున్నం

చెన్నపట్నం చూలై పేటలో పరంధామయ్య అంగడికి ఒక ఆచారం ఉంది. ఎండ చూడని సరుకు గడప తొక్కకూడదు. మిరపకాయలు కానీ, చింతపండు కానీ, ధనియాలు కానీ, లారీ దిగగానే మూడో అంతస్తు డాబా ఎక్కాలి, పరదా పట్టా మీద పరుచుకోవాలి, ఎండలో ఒళ్ళు కాచుకోవాలి, జల్లెడ దాటాలి. ఆ తర్వాతే గోతం. వాళ్ళ ముత్తాత నెల్లూరు వైపు నుంచి వచ్చినప్పుడు మూటలో కట్టుకొచ్చిన ఆస్తి ఇదొక్కటేనని నా అనుమానం. నా చెల్లెలి కూతురు రాజలక్ష్మిని ఆ ఇంటికి కోడలిగా ఇచ్చిన రోజు, "పిల్లను కూడా రెండు రోజులు డాబా మీద ఎండబెట్టి తీసుకుంటారా బావా?" అని అడిగాను. పరంధామయ్య నవ్వలేదు. ఆ తర్వాత పదహారేళ్ళు కూడా నవ్వలేదు.

రాజలక్ష్మి మొగుడు పోయి నాలుగేళ్ళు. ఆ ఇంటి కింది భాగంలోనే ఐదుగురు ఆడవాళ్ళను పెట్టుకుని క్యారియర్ భోజనాలు వండి పంపుతుంది. వంట మంచిదే. కానీ ఇప్పుడు చెన్నపట్నంలో ఆకలేస్తే కడుపు పట్టుకునేవాడు లేడు, ఫోను పట్టుకుంటాడు. క్యారియర్లు తగ్గాయి. తిరువళ్ళూరులో ఉండే ఆమె తమ్ముడు వారానికోసారి ఫోన్ చేసి, "ఆడ పొగలో ఎందుకక్కా, మూసేసి ఈడికొచ్చేయ్" అంటాడు. మంచి మాటే. వెళితే మరదలి చేతి కింద కూరగాయలు తరుగుతూ, సీరియల్ అయ్యేదాకా అన్నానికి ఎదురుచూస్తూ బతకాలి. "ఈ నెలాఖరులోగా పెద్ద ఆర్డరు ఒకటి రాకపోతే పొయ్యి ఆర్పేసి పోవాల్సిందే మామా" అని నాతో చెప్పినప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది. చేతిలో గరిటె మాత్రం ఖాళీ గిన్నెలో తిరుగుతూ ఉంది.

అట్లాంటప్పుడు వచ్చింది కలైవాణి. ముసలివాళ్ళను బస్సుల్లో తీర్థయాత్రలకు తీసుకువెళ్ళే ఆమె. పోయినేడు బస్సులో పెట్టిన గ్యాస్ సిలిండర్ దారిలో లీకయిందట. ఆ దినం నుంచి బస్సులో అగ్గిపుల్ల కూడా గీయనివ్వనని ఒట్టేసుకుంది. ముసలివాళ్ళు ఊరుకుంటారా? దేవుడి దర్శనం కాకపోయినా సర్దుకుంటారు కానీ సాంబారన్నం చల్లగా ఉంటే సర్దుకోరు. కలైవాణి మాట్లాడేది తమిళం, ఆమెతో మేమూ అదే మాట్లాడతాం, మీకోసం తెలుగులో రాస్తున్నాను.

"రాజలక్ష్మమ్మా, నిప్పు లేకుండా వేడన్నం కావాలి. వచ్చే వారం కాదు, ఆపై వారం శుక్రవారం పది గంటలకు వస్తా. నా కళ్ళ ముందర వరసగా మూడు డబ్బాలు పొగలు కక్కుతూ తెరుచుకోవాలి. లేదంటే చింతాద్రిపేటలో ఇంకొకాయన ఉన్నాడు."

ఆ శుక్రవారానికి ఇంకా పదిహేను రోజులున్నాయి. నిప్పు లేకుండా అన్నం వేడి చేయడం ఎట్లా అని అందరూ తలలు పట్టుకుంటే, పట్టుకోని తల ఒకటుంది. అది ముఖేష్‌ది.

ముఖేష్ పరంధామయ్య చిన్న కొడుకు, రాజలక్ష్మికి మరిది; వరసకు మామనైనా నా వయసు చూసి తాతా అంటాడు. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. ఊరి చివర మనలి అనే చోట ఏదో రసాయనాల ఫ్యాక్టరీలో పని. మెడలో వేలాడే ఆ గుర్తింపు కార్డు స్నానానికి వెళ్ళేటప్పుడు తీస్తాడో లేదో నేను ప్రమాణం చేసి చెప్పలేను. ఫోనులో ఏదో విదేశీ వీడియో చూసి, పక్క సందులోని రేకుల పనివాడితో నాలుగు డబ్బాలు చేయించాడు. కింది అరలో సున్నం, దాని మీద నీళ్ళ పాకెట్టు, పై అరలో సాంబారన్నం. పక్క బెజ్జంలోంచి వేలాడే దారం లాగితే పాకెట్టు చిరిగి నీళ్ళు సున్నం మీద పడతాయి. అంతే. మొదటిరోజు కాళిముత్తు సున్నం కొట్టు నుంచి రెండు గడ్డలు తెచ్చి, అప్పటికప్పుడు చితక్కొట్టి చేసి చూపించాడు. పది నిమిషాల్లో అన్నం పొగలు కక్కింది. రాజలక్ష్మి ముఖం వెలిగింది. వీడి ముఖం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, అదేం లెక్క కాదు.

"చూసినావా తాతా? ఎక్సోథెర్మిక్ రియాక్షన్! గ్యాస్ లేదు, కరెంటు లేదు. ఫ్రీ ఎనర్జీ!"

"ఒరే, మీ నాయన కొసరు కరివేపాకు కూడా ఊరికే ఇయ్యడు. సున్నం ఊరికే ఇస్తాదా?"

"అది కెమిస్ట్రీ తాతా, నీకు అర్థం కాదు. నువ్వేం చదివినావు?"

"ఎనిమిది. అందులో రెండేండ్లు ఐదోదే. కానీ మా నాయన పులికాట్ గట్టున గుల్లలు కాల్చి సున్నం చేసినాడు. ఆ బట్టీ మూడు దినాలు బొగ్గు తింటాది రా. గుల్లలో కాపరమున్న గాలిని ఆ నిప్పు మెడబట్టి బయటికి గెంటుతాది. గెంటిచ్చుకున్న సున్నం తిన్న వేడిలో కొంత కడుపులో పెట్టుకుని కూర్చుంటాది. నీళ్ళు కొత్తగా కాపరానికొస్తే ఆ వేడి కక్కుతాది. నువ్వు పుట్టిచ్చింది ఏం లేదు. మా నాయన పెట్టిన నిప్పే నీ డబ్బాలో పొగ."

"అదే నేను ఇంగ్లీషులో చెప్పినా" అన్నాడు ముఖేష్. ఇంగ్లీషులో చెబితే బట్టీ కూడా వాడిదే అయిపోతుంది కాబోలు.

ఆ తర్వాత ఆరు రోజులు నాకు ఒంట్లో బాగాలేక ఆ వైపు పోలేదు. ఏడో రోజు వెళితే రాజలక్ష్మి, "పైన చూడు మామా, నాలుగు మూటల సున్నం తెచ్చినారు. డాబా తెల్లంగా మెరస్తా ఉండాది" అంది.

నాకు కాలు ఒకటి సరిగా పనిచేయదు. అయినా మూడంతస్తులు ఎక్కాను. కొన్ని వింతలు కళ్ళారా చూడకపోతే మనిషి జన్మ ఎత్తి దండగ.

డాబా నిండా పరదాలు. పరదాల మీద మిరపకాయలు కాదు, సున్నం. గడ్డలు మరలో వేసి పిండి చేసి, జల్లించి, వేలి మందాన పరిచారు. పరంధామయ్య పంచె పైకి కట్టి, పొడుగాటి చెక్కతో ధనియాలు కలిపినట్టు దాన్ని అటూ ఇటూ కలుపుతున్నాడు. మూతికి తువ్వాలు చుట్టుకున్నాడు. ముఖేష్ పక్కన నిలబడి థర్మామీటరు గుచ్చి చూస్తున్నాడు.

"ఎన్ని దినాలైంది బావా ఇట్ట పరిచి?"

"ఆరు. రాత్రి పూట పైన పరదా కప్పుతా ఉండాం. తేమంతా లాగేసింది ఎండ. సరుకు చూడు, ఎంత వేడిమీద ఉండాదో! పొద్దున ఎండ రాకముందే గోరువెచ్చగా ఉండె."

"ఎండ రాకముందే వెచ్చగా ఉంటే, ఆ వేడి యాడినుంచి వచ్చినట్టు?"

"మంచి సరుకు తాతా, యాక్టివ్ గా ఉండాది" అన్నాడు ముఖేష్.

"ఇంకో ఇచిత్రం విను" అన్నాడు పరంధామయ్య, చెక్క పక్కన పెట్టి. "మిరపకాయ ఎండితే తూకం తగ్గుతాది. చింతపండు తగ్గుతాది. ఈ సున్నం పెరుగుతా ఉండాది బావా! మూటకు ఆరు కిలోలు పెరిగింది! యాభై ఏండ్లుగా యాపారం చేస్తా ఉండా, ఎండబెడితే పెరిగే సరుకును ఇదే చూడ్డం." పదహారేళ్ళలో మొదటిసారి నవ్వాడు. నవ్వడానికి మంచి సమయం ఎంచుకున్నాడు.

సముద్రం పక్కన ఉన్న ఊరిది. ఈ ఊళ్ళో ఉతికిన గుడ్డే సాయంత్రానికి మళ్ళీ తడుస్తుంది. పిండి చేసి పరిచిన సున్నం పగలూ రాత్రీ ఆ గాలిలోని చెమ్మ తాగుతోంది. తాగిన చెమ్మ బరువే ఆ ఆరు కిలోలు. కక్కిన వేడే ఆ వెచ్చదనం. ఎమ్మెస్సీ థర్మామీటరు పెట్టి మరీ కొలుస్తున్నాడు, సచ్చేవాడి ఒళ్ళు వెచ్చగా ఉందని సంతోషపడే వైద్యుడిలాగా.

"ఒరే ముఖేషూ, మీ అమ్మకు కోపమొచ్చినప్పుడు ఏం చేస్తాది?"

"ఎందుకు?"

"చెప్పరా."

"మేడ మీద, మెట్ల మీద, పాలవాడి దెగ్గిర, అందరి దెగ్గిరా గొణుగుతాది."

"సాయంత్రం మీ నాయన ఇంటికొచ్చేటప్పటికి?"

"ఏముంటాది? కాఫీ ఇస్తాది."

"అదే రా. కోపం అంతే, ఒకేసారి పడితే ఇల్లు అదురుతాది, దినమంతా గొణిగితే మొగుడికి కాఫీ వస్తాది. నీ సున్నం ఆరు దినాలుగా కాకులతో గొణుగుతా ఉండాది. శుక్రవారానికి కాఫీ వెచ్చబెట్టేంత కోపం కూడా దాంట్లో మిగలదు. మీ అవ్వ తమలపాకుకు పూసేదీ సున్నమే గదా, నోరు ఎందుకు కాలదు? ముందే నీళ్ళు తాగి సల్లబడి ఉండాది గనక."

ఇక్కడితో ఆపి ఉంటే బాగుండేది. నా నోరు ఆగితే కదా. "మా చిన్నప్పుడు పులికాట్‌లో సున్నం పడవ ఒకటి మునిగింది" అని మొదలుపెట్టాను. "నలభై మూటలు. సరస్సు సగం కుతకుత ఉడికింది. చేపలు ఉడికి తేలినాయి. ఊరోళ్ళం ఉప్పూ కారం పట్టుకుని ఒడ్డుకు పరిగెత్తినాం. ఎర్రకాళ్ళ కొంగలు ఉండాయి చూడు, పాపం అవి ముందు తెల్లకాళ్ళవే. ఆ నీళ్ళలో దిగి కాళ్ళు కాల్చుకుని, ఇప్పటిదాకా ఎర్రగానే..."

"సైన్సులో కొంగలుండవు తాతా" అని ముఖేష్ నన్ను భుజం పట్టుకుని మెట్ల దాకా దిగబెట్టాడు. పరంధామయ్య మళ్ళీ చెక్క అందుకున్నాడు. కింద రాజలక్ష్మి, "ఏం మామా?" అంటే, "మీ మామను, మరిదిని అడుగు, వాళ్ళకు అన్నీ తెలుసు" అని విసురుగా వచ్చేశాను. కొంగల్ని నమ్మని మనుషుల కోసం నేను ఇంకోసారి ఎందుకు చెప్పాలి? ఈ పౌరుషం ఆ పూట నాకు చాలా గొప్పగా తోచింది. కాబట్టి ఈ కథలో తెలివితక్కువవాళ్ళను లెక్కపెట్టేటప్పుడు రెండు దగ్గర ఆపకండి.

శుక్రవారం పదికి కలైవాణి వచ్చింది; పౌరుషం ఇంట్లో పెట్టి నేనూ వెళ్ళాను. ఎత్తుపీట వేశారు, మజ్జిగ ఇచ్చారు. ముఖేష్ ఇస్త్రీ చొక్కా, పైన కార్డు. పావుగంట సేపు ఇంగ్లీషు తమిళం కలిపి దంచాడు. కలైవాణి మధ్యలో, "తంబీ, నాకు ఆకలేస్తా ఉంది" అంది.

దారం లాగాడు. పది నిమిషాలు. మూత తీశాడు. కలైవాణి వేలు పెట్టింది.

"నా వేలే ఇంతకంటే వేడిగా ఉంది."

"ఫస్ట్ పీస్ కదా మేడమ్, సెకండ్ చూడండి."

రెండోది పావుగంట పెట్టాడు. ఈసారి ఆమె వేలు పెట్టలేదు, డబ్బా ఎత్తి చెంపకు ఆనించుకుంది. "ఎండాకాలం యాత్రకైతే బాగుంటుంది" అని కింద పెట్టేసింది. ముఖేష్ డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, లోపల ఎమ్మెస్సీ ఏమైనా మిగిలిందేమో అన్నట్టు.

రాజలక్ష్మి ఏడవలేదు, బతిమాలలేదు. కలైవాణికి ఎదురుగా నిలబడి, "అక్కా, చింతాద్రిపేట పోయి ఆయనది చూసుకోండి. వచ్చేదారిలో ఒంటిగంటకు ఈడికి ఒకసారి రండి. అప్పుడూ ఇట్లే ఉంటే, ఆయనకే సంతకం పెట్టండి. నేను మా తమ్ముడింటికి పోతా" అంది.

కలైవాణి ఆమె ముఖం చూసింది. "సరి. ఒంటిగంట. ఇంకో నిమిషం ఉండను."

ఆమె ఆటో మలుపు తిరిగిందో లేదో, రాజలక్ష్మి నా వైపు తిరిగింది. "మామా. కొంగలొద్దు, చేపలొద్దు. నిజం చెప్పు. ఏం చేయాల?"

ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ నా కోతలన్నిటికీ నోరు తెరుచుకుని కూర్చునేది. ఇప్పుడు ఆ ముఖంలో కూర్చునే తీరిక లేదు.

"పైనున్నది సచ్చిపోయింది. గాలి పట్టని గడ్డలు కావాల. ఇప్పుడే తేవాల. పిండి చేయకూడదు. అంతే."

"పద."

కాళిముత్తు కొట్టు రెండు వీధుల అవతల. ముందర విప్పి ఉన్న గోతం చూపించాడు. నేను తల అడ్డంగా ఊపాను. లోపల మూత బిగించిన డ్రమ్ము ఒకటుంది, దాన్ని తెరిపించాం. "చేత్తో ఎత్తి చూడు" అన్నాను రాజలక్ష్మితో. "తడి తాగింది బరువుగా ఉంటాది, గోటితో గీరితే పిండి రాలుతాది. బతికినది తేలిగ్గా ఉంటాది, ఒకదానికొకటి తగిలిస్తే పెంకులా మోగుతాది." ఆమె పైవి పక్కకు తోసి అడుగు నుంచి రెండు గడ్డలు తీసి తట్టింది. మోగాయి. ఒకదాని మీద నాలుగు చుక్కల నీళ్ళు వేసింది. ఒక్క క్షణం ఏమీ లేదు, నీళ్ళు మాయమయ్యాయి. తర్వాత 'సుయ్'మని పొగ, గడ్డ నెర్రెలిచ్చి విచ్చుకుంది. కాళిముత్తు, "ఏందక్కా, వంకాయల్ని ఏరినట్టు ఏరుతుండావే" అన్నాడు. ఆమె గడ్డ తర్వాత గడ్డ తట్టుతూ, వింటూ, మూత ఉన్న డబ్బాలో వేసుకుంటూ పోయింది. పదో గడ్డకు నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

వచ్చేసరికి పన్నెండు. ముఖేష్ జల్లెడతో సిద్ధంగా ఉన్నాడు.

"వదినా, పౌడరు చేస్తే సర్ఫేస్ ఏరియా..."

"జల్లెడ అవతల పెట్టు ముఖేష్."

"సరే, క్వాంటిటీ డబుల్ చేద్దాం. సున్నం డబుల్, నీళ్ళు డబుల్. రిస్క్ వద్దు." ఆమె ఇటు తిరిగి గడ్డలు చితక్కొడుతుంటే వీడు ఒక డబ్బాలో రెండింతలు నింపి దారం లాగేశాడు. పొద్దున వేడి రాలేదని ఏడ్చినవాడికి ఇప్పుడు వేడి వచ్చింది. ముందు డబ్బా గురక పెట్టింది. తర్వాత పొట్ట ఉబ్బింది. తర్వాత మూత ఎగిరి గోడకు తగిలింది, పక్క బెజ్జంలోంచి తెల్లటి నురుగు చిమ్మి వీడి చొక్కా, కార్డు, కళ్ళద్దాలు ఏకం చేసింది. కళ్ళద్దాలు లేకపోతే ఈ కథ నవ్వుతూ రాసేవాణ్ణి కాదు. రాజలక్ష్మి వాణ్ణి పంపు కింద కూర్చోబెట్టి నెత్తిన నీళ్ళు వదిలింది.

"ఎంత సున్నం వేస్తే అంత వేడి గదా రా" అన్నాను పంపు పక్కన నిలబడి. "సాంబారన్నానికి వేడి కావాల, రాకెట్టుకు కాదు."

"కొంచెం ఎర్రర్ వచ్చింది తాతా" అన్నాడు తడిసిన కోడిలాగా.

పరంధామయ్య పైనుంచి దిగి, పగిలిన డబ్బాను, కొడుకును మార్చి మార్చి చూశాడు. "ఎండబెట్టనిది గదా, అందుకే ఇట్ట చెడింది" అన్నాడు. ఈ మనిషిని ఓడించడం దేవుడి వల్ల కూడా కాదు.

నాలుగు డబ్బాల్లో ఒకటి పోయింది. పొద్దున చల్లబడిన రెండూ కడిగి, తుడిచి ఆరబెడితే మొత్తం మూడు. కావాల్సింది మూడు. చేసి చూసుకోవడానికి ఒక్కటి కూడా లేదు. టైము పన్నెండున్నర.

రాజలక్ష్మి ముఖేష్‌ను, "మొదటి దినం ఎంత వేసినావు?" అని అడిగింది. వాడు గ్రాముల్లో చెప్పాడు. ఆమె తక్కెడలో తూచి, ఆ ముక్కల్ని తాను రోజూ బియ్యం కొలిచే గిద్దలో పోసి చూసింది. నిండా ఒకటి, మీద మూడు వేళ్ళకు పట్టినంత. నీళ్ళు మరో గిద్ద. ముక్కలు వేరుశనగ గింజంత. ఒక్కో డబ్బాకూ అదే కొలత, ఒక్కో ముక్క వేసేముందు గోటితో గీరి చూసింది. ఎవరినీ ముట్టనివ్వలేదు. నన్ను కూడా. ఐదుగురు వంటవాళ్ళూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. వాళ్ళకు ఎక్సోథెర్మిక్ అంటే తెలియదు, సోమవారం పని ఉంటుందా ఉండదా అన్నది తెలుసు.

ఒంటిగంటకు కలైవాణి దిగింది. "చింతాద్రిపేట ఆయన ఫ్లాస్కులో పెట్టి ఇస్తాడట. రెండు పూటలు వేడి ఆగుతుందట" అంది. కూర్చోలేదు. దారం తనే లాగింది.

డబ్బా లోపల ముందు ఏమీ లేదు. ఆ ఒక్క నిమిషంలో రాజలక్ష్మి ఊపిరి నాకు వినిపించింది. తర్వాత చిన్నగా, పొయ్యి మీద పాలు పొంగే ముందు వచ్చే చప్పుడు. బెజ్జంలోంచి సన్నటి ఆవిరి. పది నిమిషాలకు మూత తీసి కలైవాణి వేలు పెట్టి, వెంటనే లాక్కుని నోట్లో పెట్టుకుంది.

రెండో దారం లాగింది. అదీ అంతే. మూడోదాని మూత తీసి నా ముందుకు తోసింది. "పెద్దాయనా, నా బస్సులో ఎక్కేవాళ్ళంతా మీలాంటి వాళ్ళే. తిని చెప్పండి."

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నాలుక కాలింది. డెబ్భై ఎనిమిదేళ్ళలో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేకపోవడం నాకు అదే మొదలు. చెయ్యి ఊపుతూ కళ్ళలో నీళ్ళతో గంతులేస్తుంటే వంటవాళ్ళు పడీ పడీ నవ్వారు. జవాబు అందరికీ అర్థమైంది.

కలైవాణి సంచీలోంచి కాగితాలు తీసింది. ముఖేష్ తడి చొక్కాతోనే ముందుకొచ్చి గొంతు సవరించుకుని, "మేడమ్, టెక్నికల్‌గా బాధ్యత ఎవరిదంటే..." అన్నాడు.

"తంబీ, ఈ డబ్బాల్లో కొలత పోసింది ఎవరు?"

వాడు వదిన వైపు చూశాడు.

"అయితే ఆమె సంతకం పెట్టనీ. బస్సులో కూడా ఆమే రావాలి. నువ్వు డబ్బాలు కడుగు."

రాజలక్ష్మి సంతకం పెట్టింది. తర్వాత తమ్ముడికి ఫోన్ చేసింది. అవతల వాడు ఏదో పెద్దగా మాట్లాడుతున్నాడు. ఈమె, "లేదురా, రావడం లేదు. ఎందుకా? పని ఉండాది" అని, ఫోను కొంగున చుట్టుకుని, మధ్యాహ్నం క్యారియర్లు ఇంకా పోలేదని వంటవాళ్ళ మీద కేకలేసింది.